బానెట్ ఎత్తితే బ్యాటరీ కనిపించని కారుకి జంప్ ఇవ్వడం ఎలా

సంక్రాంతి నాలుగు రోజులూ మా శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి నుంచి డే అండ్ నైట్ జంక్షన్ దాకా ఎక్కడ చూసినా బయటి రాష్ట్రాల నంబర్ ప్లేట్లే. బెంగళూరులో, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు కార్లు వేసుకుని పండక్కి దిగుతారు. ఈమధ్య వాటిలో నేలకి జానెడెత్తులో ఉండే రెండు తలుపుల కార్లు కూడా ఒకటీ రెండూ కనిపిస్తున్నాయి. భోగి నాడు తెచ్చి పెరట్లో చింతచెట్టు కింద పెడతారు. బంధువుల పిల్లలు ఎక్కి కూర్చుని పాటలు పెడతారు, లైట్లు వేస్తారు, తలుపు సరిగ్గా పడకుండా వదిలేస్తారు. ముక్కనుమ పొద్దున్న నాకు ఫోను వస్తుంది.

"అన్నా, బావగారి కారు ఎంత నొక్కినా ఉలకట్లేదు. బానెట్టు ఎత్తితే అందులో బ్యాటరీయే నేదు. ఏటి సెయ్యమంటావు?"

నేను ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తాను. మా నాన్నగారి షాపులో అంబాసిడర్ డైనమోలు విప్పుతూ నేర్చుకున్నాను. ఆయన కాలంలో బ్యాటరీ ఎక్కడుందని ఎవరూ అడగలేదు. బానెట్ ఎత్తితే ఎదురుగా నల్లడబ్బా ఉండేది, అంతే. ఇప్పటి స్పోర్ట్స్ కారు అలా కాదు. అందుకే ఫోనులో అందరికీ మొదట ఒకటే చెబుతాను: బ్యాటరీ కోసం వెతకొద్దు, కరెంటు ఎక్కించే చోటు ఎక్కడుందో వెతకండి. ఈ రెండూ ఒకే దగ్గర ఉండాలని లేదు. బ్యాటరీని డిక్కీ అడుగున పెట్టిన కంపెనీయే జంపర్ (వేరే బ్యాటరీ నుంచి కరెంటు అరువు తెచ్చి కారు స్టార్ట్ చేసే కేబుల్, అలా ఇవ్వడమే జంప్) తగిలించడానికి ముందు బానెట్ కింద రెండు బొడిపెలు విడిగా ఇచ్చి ఉంటుంది. అవి దొరికితే బ్యాటరీ ముఖం చూడకుండానే పని అయిపోతుంది.

ముందు అసలు బ్యాటరీయేనా

బటన్ నొక్కినప్పుడు ఏం జరుగుతోందో చెవి పెట్టి వినండి. ఏ లైటూ వెలగక, ఏ చప్పుడూ రాకపోతే బ్యాటరీ పూర్తిగా దిగిపోయినట్టు. టకటకటక అని వరసగా కొట్టుకుంటూ మీటర్ లైట్లు మినుకుమినుకుమంటే కొంచెం చార్జి ఉంది గానీ సెల్ఫ్ తిప్పే బలం లేదన్నమాట. ఈ రెంటికీ జంప్ పనిచేస్తుంది.

లైట్లు ధగధగా వెలుగుతూ, హారన్ గట్టిగా మోగుతూ, సెల్ఫ్ మాత్రం తిరగకపోతే తప్పు ఇంకెక్కడో ఉంది. గేరు పార్క్‌లో ఉందా, బ్రేకు గట్టిగా తొక్కారా చూడండి. మీటరులో 'కీ కనిపించలేదు' అన్న గుర్తు వస్తే దిగిపోయింది తాళంలోని బిళ్ల బ్యాటరీ. చాలా తాళాల్లో అది సీఆర్2032, పట్టణంలో ఏ వాచీల షాపులోనైనా దొరుకుతుంది. అది కొనేలోపు తాళాన్ని స్టార్ట్ బటన్‌కి ఆనించో, మాన్యువల్‌లో చూపించిన చోట పెట్టో నొక్కితే చాలా కార్లు స్టార్ట్ అవుతాయి.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే ఇంకా మంచిది. బ్యాటరీలో ఆరు సెల్లులు, ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు. నిండుగా ఉంటే 12.6 చూపిస్తుంది. 12.2 అంటే సగం. 12కి దిగువన ఉంటే దాదాపు ఖాళీ. పది, పదిన్నర మధ్య ఆగిపోయి ఎంత చార్జి పెట్టినా పైకి రాకపోతే ఒక సెల్లు పోయిందని అనుమానించాలి. దానికి జంప్ ఇచ్చినా ఆ పూటకే.

ఈ లోపల చుట్టూ పదిమంది చేరతారు. "నలుగురం తోసేత్తాం, గేర్లో వదిలెయ్ బాబూ" అంటారు. వాళ్ల మనసు మంచిదే, కానీ ఒప్పుకోవద్దు. ఆటోమేటిక్ గేర్ బాక్సు ఉన్న కారు, డ్యూయల్ క్లచ్ ఉన్న కారు తోస్తే స్టార్ట్ కాదు. ఈ రోజుల్లో స్పోర్ట్స్ కార్లలో ఎక్కువ అవే. పైగా హ్యాండ్ బ్రేకు కూడా కరెంటుదే, కరెంటు లేకుండా వదలదు. మాన్యువల్ గేరు ఉన్నా, తోస్తున్నంతసేపూ కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని పాడుచేస్తుంది.

లోపలికి వెళ్లేటప్పుడే సగం నష్టాలు

రిమోట్ పనిచేయదు కాబట్టి ముందు తలుపు తెరవాలి. రిమోట్ తాళానికి పక్కన చిన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కి లాగితే లోపలినుంచి ఇనుప తాళంచెవి బయటికొస్తుంది. తాళం కన్నం కనిపించకపోతే కంగారు పడకండి, డ్రైవరు తలుపు పిడి చివర ప్లాస్టిక్ మూత కింద దాచి ఉంటుంది. మూత అడుగున సన్నని గాడి ఉంటుంది, తాళంచెవి కొస దూర్చి నెమ్మదిగా పైకి లేపితే ఊడుతుంది.

ఇక్కడ ఆగి ఒక సంగతి వినండి. ఈ రకం కార్లలో చాలావాటికి తలుపు అద్దానికి ఫ్రేము ఉండదు. మామూలప్పుడు పిడి లాగగానే అద్దం ఒక సెంటీమీటరు కిందికి దిగి, పైనున్న రబ్బరులోంచి బయటపడుతుంది. తలుపు వేశాక మళ్లీ పైకి ఎక్కుతుంది. బ్యాటరీ దిగిపోయినప్పుడు అద్దం దిగదు. అందుకని తలుపు గభాలున లాగకూడదు. ఒక చేత్తో అద్దం పైకొసని కొద్దిగా బయటికి పట్టుకుని మెల్లగా తెరవాలి. తెరిచాక మళ్లీ వేయకూడదు. మధ్యలో మడిచిన తువ్వాలు పెట్టి ఓరగా ఉంచండి. రెండేళ్ల కిందట కళింగపట్నం బీచ్ దగ్గర ఒక కుర్రాడు, పాపం, ఇసక లోపలికి పోతుందని తలుపు గట్టిగా వేశాడు. అద్దం రబ్బరు మీద పడి అంచు దగ్గర బీటలు వారింది. జంప్ పది నిమిషాల్లో అయింది, అద్దానికి మూడు వారాలు ఎదురుచూశాడు.

డిక్కీ గానీ, ముందు మూత గానీ తెరుచుకుని ఉంటే దాన్ని కూడా మూయొద్దు. కరెంటుతో తెరుచుకునే మూత కరెంటు లేనప్పుడు పడితే మళ్లీ తెరవడం పెద్ద పని. తాళం ఎప్పుడూ మీ జేబులోనే ఉండాలి, సీటు మీద కాదు. కరెంటు తిరిగి వచ్చిన క్షణంలో కొన్ని కార్లు తమంతట తామే లాక్ అయిపోతాయి. అలారం కూడా మోగొచ్చు. రిమోట్ బటన్ నొక్కితే ఆగుతుంది.

కరెంటు ఎక్కించే చోటు

నిజమైన పని ఇదే. తీరిగ్గా చేయండి.

మొదట గ్లవ్ బాక్సు తెరిచి మాన్యువల్ చూడండి. లేకపోతే ఫోనులో ఆ కంపెనీ పేరు, మోడల్, సంవత్సరం కొట్టి ఓనర్స్ మాన్యువల్ తెరవండి. అందులో 'బ్యాటరీ' అన్న అధ్యాయానికి వెళ్లకండి. 'జంప్ స్టార్టింగ్' అన్న మాట వెతకండి. బొమ్మతో సహా ఎక్కడ తగిలించాలో అక్కడే ఉంటుంది. సంవత్సరం తప్పు పడితే బొమ్మ కూడా తప్పే, ఒకే పేరుతో వచ్చిన కారుకి తరం మారితే బ్యాటరీ చోటు మారిపోతుంది. ఇంకో దారి కూడా ఉంది. కార్ల భద్రత పరీక్షించే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ వాళ్లు 2020లో 'యూరో రెస్క్యూ' అనే ఉచిత యాప్ తెచ్చారు. ప్రమాదంలో ఇరుక్కున్న కారుని కోసే అగ్నిమాపక సిబ్బంది కోసం చేసింది. ఏ కారులో బ్యాటరీ ఎక్కడుందో, ఏ వైర్లు ముట్టుకోకూడదో బొమ్మలో కనిపిస్తుంది. అన్ని కార్లూ అందులో లేవు గానీ, ఉన్నవాటికి అంతకంటే తేలికైన బొమ్మ నేను చూడలేదు.

కాగితమూ లేదు, సిగ్నలూ లేదు అనుకోండి. అప్పుడు కారు కట్టిన తీరునుబట్టి ఆలోచించాలి.

ఇంజను ముందున్న కారుకి బానెట్ లివర్ డ్రైవరు కాళ్ల దగ్గర దొరకకపోతే ఎడమ సీటు కాళ్ల దగ్గర చూడండి. ఎడమ స్టీరింగ్ దేశాల కోసం గీసిన కారుని మనకి కుడికి మార్చేటప్పుడు చాలా కంపెనీలు ఆ లివర్‌ని మార్చకుండా వదిలేస్తాయి. బీఎండబ్ల్యూల్లో ఇది మామూలే. బానెట్ ఎత్తాక ఎర్రటి ప్లాస్టిక్ మూత కోసం చూడండి, దాని మీద ప్లస్సు గుర్తు ఉంటుంది. ఇంజను మీద కప్పిన నల్ల ప్లాస్టిక్ పక్కనో, వైపర్ల కింద గోడ దగ్గరో, ఫ్యూజు బాక్సు అంచునో ఉంటుంది. మూత ఎత్తితే ఇత్తడి రంగులోనో వెండి రంగులోనో చిన్న బొడిపె. దానికి ఒక మూరెడు దూరంలో బాడీకి బిగించిన రంగు లేని బోల్టు ఒకటి, మైనస్ గుర్తుతో, అదే ఎర్త్ బోల్టు. ఈ రెండే మీకు కావాలి.

బీఎండబ్ల్యూ త్రీ సిరీస్, జెడ్4 లాంటి కార్లలో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, తగిలించే చోటు మాత్రం బానెట్ కింద. ముందూ వెనకా బరువు సమానంగా పంచాలని బ్యాటరీని వెనక్కి తీసుకెళ్లారు. ఇరవై కిలోల డబ్బా ముక్కు మీద ఉంటే మలుపులో కారు బరువుగా తిరుగుతుంది. ఇంజను వేడికి దూరంగా ఉండడం బ్యాటరీకి కూడా మంచిదే. జాగ్వార్ ఎఫ్ టైప్‌లోనూ బ్యాటరీ డిక్కీ అడుగునే. 2016లో మన దేశానికి వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్‌లో మాత్రం పాత పద్ధతే, బానెట్ కిందే ఉంటుంది.

ఇంజను వెనకో మధ్యలోనో ఉంటే కథ తిరగబడుతుంది. పోర్షా 911, బాక్స్‌టర్, కేమన్‌లలో ఎక్కువ తరాలకి బ్యాటరీ ముందు సామాన్లు పెట్టుకునే చోట, అద్దం వైపు ప్లాస్టిక్ కవరు కింద ఉంటుంది. ఆడి ఆర్8లోనూ ముందే. వెనక ఇంజను మూత ఎత్తి గంటసేపు వెతికినవాళ్లని నేను చూశాను. ఇంజను పక్కనే బ్యాటరీ ఉంటుందన్న అలవాటు అంత బలమైనది.

ఈ ముందు మూతల దగ్గరే అసలు చిక్కు. 911లో కంపెనీ 997 అని పిలిచే తరం లాంటి కార్లలో ముందు మూత కరెంటు మీదే తెరుచుకుంటుంది. బ్యాటరీ ఆ మూత కిందే ఉంది. బ్యాటరీ దిగితే మూత తెరుచుకోదు, మూత తెరుచుకోకపోతే బ్యాటరీ అందదు. కంపెనీ వాళ్లు దీనికి దారి పెట్టారు. కాళ్లు పెట్టుకునే చోట పక్క ప్యానెల్లో ఫ్యూజు బాక్సు ఉంటుంది. దాని మూత తీస్తే ఎర్ర టోపీ పెట్టిన ప్లస్ టెర్మినల్ ఒకటి లోపలికి దూరి ఉంటుంది, దాన్ని బయటికి లాగాలి. బయటి బ్యాటరీ ప్లస్సుని ఎర్ర కేబుల్‌తో దానికి, మైనస్సుని నల్ల కేబుల్‌తో తలుపు లాక్ పడే ఇనుప కొక్కేనికి తగిలించాలి. అలారం మోగితే రిమోట్‌తో ఆపి, మూత తెరిచే బటనో మీటో లాగితే 'టక్' మని తెరుచుకుంటుంది. వెంటనే కేబుళ్లు తీసేయాలి. ఆ సన్నని దారి మూత తెరవడానికి మాత్రమే, అక్కడినుంచి ఇంజను స్టార్ట్ చేయబోతే ఫ్యూజులూ వైర్లూ మాడిపోతాయి. దీనికి పెద్ద బ్యాటరీ కూడా అక్కర్లేదు, మోటారు సైకిల్‌ది 12 వోల్టుల బ్యాటరీ చాలు. నేను షాపులో ఒకటి నిండుగా చార్జి పెట్టి ఇందుకోసమే పక్కన ఉంచుకుంటాను. మూత తెరుచుకున్నాక అది మళ్లీ పడకుండా ఒక మనిషిని కాపలా పెట్టండి.

చోటు దొరికింది సరే, అక్కడున్నది ఎలాంటి బ్యాటరీయో కూడా చూడండి. నారింజ రంగు వైర్లు కనిపిస్తే అవి హైబ్రిడ్ కారు పెద్ద వోల్టేజివి, వాటి జోలికి వెళ్లొద్దు. 12 వోల్టుల బొడిపెలు వేరే ఉంటాయి, అవి దొరికితేనే పని. బ్యాటరీ మీద లిథియం అని రాసి ఉంటే మాన్యువల్ చదవకుండా ముందుకెళ్లకండి. 2010 నుంచి పోర్షా 911 జీటీ3 లాంటి కొన్ని మోడళ్లకి లిథియం అయాన్ బ్యాటరీ ఆప్షన్‌గా వచ్చింది, మామూలు దానికంటే పది కిలోలకి పైగా తేలిక. ఈ రకం బ్యాటరీలు చార్జి బాగా దిగితే తమని తాము కాపాడుకోవడానికి సర్క్యూట్ తెంచేసుకుంటాయి. మీటరు పెడితే సున్నా చూపిస్తుంది, చచ్చిపోయిందనిపిస్తుంది, చాలాసార్లు చావదు. కానీ దానికి తగిన చార్జరే వాడాలి.

డబ్బా ఉబ్బి ఉన్నా, పగిలి కారుతున్నా, కుళ్లిన గుడ్డు వాసన వస్తున్నా అక్కడితో ఆపేయండి. దానికి జంప్ ఇవ్వకూడదు. చేతికి యాసిడ్ తగిలితే ధారాళంగా నీళ్లు పోయండి. కంట్లో పడితే పావుగంటపాటు ఆగకుండా కడిగి, తరవాత ఆసుపత్రికి వెళ్లండి.

ఏ బండి నుంచి ఇవ్వాలి

హైవే మీద ఆగిపోతే మొదట ఆగేది లారీయే. పదహారో నంబరు హైవే మీద ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా రాత్రంతా లారీలే. డ్రైవర్లు మంచివాళ్లు, అడక్కుండానే కేబుల్ తీస్తారు. వద్దని చెప్పండి. లారీలు, బస్సులు ఎక్కువగా 24 వోల్టులవి. మీ కారు 12. ఒకసారి రణస్థలం దగ్గర ఎవరో లారీ నుంచి ఇచ్చిన కారు నా దగ్గరికి వచ్చింది. బ్యాటరీ బాగానే ఉంది, కంప్యూటర్ బాక్సులు రెండు పోయాయి. వాటి ఖర్చుతో ఊళ్లో వాళ్లు మామూలు కారు కొనుక్కుంటారు.

మామూలు పెట్రోలు కారో డీజిల్ కారో, బొలేరోనో ఉంటే సరిపోతుంది, అన్నీ 12 వోల్టులే. పల్లెలో ట్రాక్టరు తప్ప ఇంకేమీ లేకపోతే దాని బ్యాటరీ కూడా 12 వోల్టులే అని డబ్బా మీద చూసుకుని, ఇంజను ఆపేసి వాడొచ్చు. పాత ట్రాక్టరు ఇంజను తిరుగుతుండగా మాత్రం ఇలాంటి కారుకి తగిలించొద్దు, వోల్టేజి ఎగిరెగిరి పడుతుంది. అన్నిటికంటే మంచిది చేతిలో పట్టే లిథియం జంప్ స్టార్టర్. పెరట్లోకి ఇంకో కారు రావడానికి చోటు లేనప్పుడు అదే దిక్కు. బ్యాటరీ మరీ దిగిపోతే అది కనెక్షన్ గుర్తించక పనిచేయదు, అప్పుడు 'బూస్ట్' బటన్ నొక్కాలి. ఆ బటన్ నొక్కాక ప్లస్సూ మైనస్సూ తారుమారైతే ఆపే కాపలా చాలావాటిలో ఉండదు, రెండుసార్లు చూసుకుని నొక్కండి.

కేబుల్ విషయంలో పిసినారితనం వద్దు. సెల్ఫ్ తిరిగేటప్పుడు 150 నుంచి 250 ఆంపియర్లు లాగుతుంది. పైన లావుగా రబ్బరు, లోపల వెంట్రుకల్లా నాలుగు తీగలు ఉండే కేబుళ్లు అమ్ముతారు, అవి వేడెక్కి కరుగుతాయి తప్ప ఇంజను తిప్పవు. లోపల అసలు రాగి, కనీసం 16, వీలైతే 25 చదరపు మిల్లీమీటర్ల మందం, మూడు మీటర్ల పొడవు ఉన్నది తీసుకోండి.

క్లిప్పులు పెట్టడం

రెండు బండ్లూ ఒకదానికొకటి తగలకూడదు. రెండిట్లోనూ ఇంజను, లైట్లు, ఏసీ అన్నీ ఆపేయండి. ఉంగరం, వాచీ తీసి జేబులో వేసుకోండి. దగ్గర్లో బీడీ, సిగరెట్ ఏదీ ఉండకూడదు. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ గాలిలో నాలుగు శాతం చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకి పేలుతుంది. చుట్టూ మూగినవాళ్లని మర్యాదగానే నాలుగడుగులు వెనక్కి జరగమనండి.

ఎర్ర కేబుల్ ఒక కొస దిగిపోయిన కారు ప్లస్ బొడిపెకి. రెండో కొస సాయం చేసే బండి ప్లస్సుకి. తరవాత నల్ల కేబుల్ సాయం చేసే బండి మైనస్సుకి. నాలుగోది, చివరిది, నల్ల కేబుల్ రెండో కొస, దిగిపోయిన కారులో బ్యాటరీకి దూరంగా ఉన్న ఎర్త్ బోల్టుకి. నిప్పురవ్వ వస్తే ఈ చివరి క్లిప్పు దగ్గరే వస్తుంది, అందుకే దాన్ని గ్యాసుకి దూరంగా పెట్టడం.

బ్యాటరీ మైనస్ మీద నేరుగా పెట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇప్పటి కార్లలో ఆ మైనస్ క్లాంపు మీదే చార్జి లెక్కపెట్టే సెన్సార్ ఉంటుంది. అక్కడ తగిలిస్తే సెన్సార్‌ని దాటుకుని చార్జి లోపలికి పోతుంది, కారు లెక్క తప్పుతుంది. స్పోర్ట్స్ కారులో 'ఏదో ఒక ఇనుము' అని క్లిప్పు కొరికించడం కూడా కుదరదు. బాడీ ఫైబరో కార్బనో అల్యూమినియమో అయి ఉంటుంది, పైన పెయింటు. కరెంటు సరిగ్గా పోదు, పెయింటు మాత్రం పోతుంది. పెట్రోలు గొట్టాలకీ తిరిగే బెల్టులకీ దూరంగా, గుర్తు వేసిన ఎర్త్ బోల్టు మీదే పెట్టండి.

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, బారువ, భావనపాడు వైపు, టెర్మినళ్ల మీద పచ్చగానో తెల్లగానో పొక్కులు కడతాయి. అలా ఉంటే క్లిప్పు పెట్టినా కరెంటు దిగదు. గరుకు కాగితంతో రుద్ది, లోహం మెరిశాక పెట్టండి.

సాయం చేసే బండి కారే అయితే ఇప్పుడు స్టార్ట్ చేసి అలా ఐదు నుంచి పది నిమిషాలు వదిలేయండి. ఈ ఆగడం చాలామంది చేయరు. చార్జి కొద్దిగా ఎక్కితే సెల్ఫ్ తిప్పే బరువంతా కేబుల్ మీద పడదు. తరవాత దిగిపోయిన కారు స్టార్ట్ చేయండి. పది సెకన్లకి మించి సెల్ఫ్ కొట్టొద్దు. అందుకోకపోతే ఒక నిమిషం ఆగి, క్లిప్పులు కొంచెం అటూ ఇటూ తిప్పి గట్టిగా కొరికించి మళ్లీ చూడండి. మూడుసార్లకీ రాకపోతే వదిలేసి, కారుని పూర్తిగా పైకెక్కించే ప్లాట్‌ఫాం బండిని పిలవండి. చక్రం ఎత్తి ఈడ్చుకుపోయే బండి వద్దు, ఈ ఎత్తుకి బంపర్ నేలకి రాసుకుంటుంది.

స్టార్ట్ అయ్యాక

వెంటనే క్లిప్పులు పీకకండి. రెండు మూడు నిమిషాలు నడవనిచ్చి, స్టార్ట్ అయిన కారులో ఏసీ బ్లోయరు, వెనక అద్దం హీటరు వేయండి. క్లిప్పు తీసే క్షణంలో వోల్టేజి ఒక్కసారిగా పైకి లేస్తుంది, ఆ ఎగురుపాటుని ఇవి మింగేస్తాయి. తరవాత పెట్టిన వరసకి సరిగ్గా తిరగేసి తీయండి. ఎర్త్ బోల్టు మీది నల్లది ముందు, దిగిపోయిన కారు ఎర్రది చివర. తీసిన క్లిప్పులు ఒకదానికొకటి తగలనివ్వకండి. ఎర్ర మూత మళ్లీ బిగించడం మరిచిపోవద్దు.

మల్టీమీటర్ ఉంటే ఇంజను నడుస్తుండగా చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరుగుతూ కరెంటు తయారుచేసేది) చార్జి ఎక్కిస్తోంది. 12 దగ్గరే ఆగితే రోడ్డెక్కొద్దు, మధ్యలో ఆగిపోతారు. మొదటి కొద్ది నిమిషాలు మీటర్ మీద రకరకాల హెచ్చరిక లైట్లు వెలుగుతాయి. స్టీరింగ్ ఒకసారి ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, కొంచెం దూరం నడిపితే చాలావరకు ఆరిపోతాయి. కిటికీ అద్దాలు పైకి ఎక్కించి బటన్ కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే, తలుపు తీసినప్పుడు అద్దం దిగే అలవాటు చాలా కార్లకి తిరిగి గుర్తొస్తుంది. అది చూసుకున్నాకే తలుపు పూర్తిగా వేయండి.

గంటసేపు హైవే మీద తిప్పితే, ఉదాహరణకి శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా వెళ్తే, మళ్లీ ఒకటి రెండుసార్లు స్టార్ట్ అయ్యేంత చార్జి ఎక్కుతుంది. నిండదు. ఆల్టర్నేటర్ ఉన్నది బ్యాటరీని నిండుగా ఉంచడానికి, ఖాళీదాన్ని నింపడానికి కాదు. ఇంటికొచ్చాక బ్యాటరీ రకానికి తగ్గ చార్జర్ పెట్టి రాత్రంతా నెమ్మదిగా ఎక్కించండి. బ్యాటరీ మార్చాల్సి వస్తే ఏజీఎం రకం (లోపలి యాసిడ్‌ని గాజు పీచు పీల్చి పట్టుకునేది) ఉన్న చోట ఏజీఎంనే వేయించండి, బీఎండబ్ల్యూ లాంటి వాటిలో కొత్త బ్యాటరీ వేశామని కారు కంప్యూటర్‌లో నమోదు కూడా చేయించాలి.

కారు వదిలేసి బావగారు బెంగళూరు రైలెక్కేస్తుంటే ఒక లెక్క చెప్పండి. తాళం వేసి నిలబెట్టిన కారు కూడా అలారానికీ, రిమోట్ వినడానికీ 50 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతూనే ఉంటుంది. రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు, నెలకి 36. అరవై ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగానికి పైగా అక్కడే పోయింది. సంక్రాంతికి పెట్టి ఉగాదికి తీద్దామంటే లేవదు. షెడ్డులో ప్లగ్గు ఉంటే మెయింటెయినర్ చార్జర్ (బ్యాటరీని కొద్దికొద్దిగా ఎక్కిస్తూ నిండుగా ఉంచేది) తగిలించి వెళ్లమనండి.

ప్లగ్గు లేక, పది నంబరు స్పానర్‌తో మైనస్ ఊడదీసి వెళ్తామంటే అదీ మంచిదే. కానీ బ్యాటరీ ముందు మూత కిందో డిక్కీలోనో ఉండి, ఆ మూత కరెంటుతో తెరుచుకునేదైతే, మైనస్ తీశాక దాన్ని పూర్తిగా లాక్ పడనివ్వొద్దు. లాక్ పడే నాలుక మీద గుడ్డ మడత పెట్టి, మూత ఆనించి, పైన కవరు కప్పి వెళ్లాలి. తాళం షెడ్డుకి వేసుకోండి.